సినిమా వేరు, ఊరు వేరా?

మా నాయన తప్పెట కొడితేనే మా ఊర్లో సినిమా మొదలయ్యేది.

మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా. ఆ పడేది కూడా పడాల్సినప్పుడు పడదు. శెనిక్కాయ పీకి, కాయ అమ్మి, అప్పులోళ్ళకు కట్టేది కట్టినాక ఊరికి ఇంక పనుండదు. ఆ దినాల్లో ఎండిన చెరువులో డేరా టాకీసు దిగేది. డేరా ఓనరు మా నాయన్ను పిలిపించేవాడు. ఎద్దుల బండికి రెండు పక్కలా సినిమా బొమ్మలు కట్టేవాళ్ళు. మైకు పట్టుకునే ఆయప్ప బండిలో కూర్చునేవాడు. మా నాయన బండి ముందర తప్పెట కొట్టుకుంటా నడిచేవాడు. నాలుగు పల్లెలు తిరిగొచ్చేసరికి కాళ్ళు బొబ్బలెక్కేవి. కూలి రెండు నేల టికెట్లు. ఒకటి ఆయనకు, ఒకటి నాకు. మా అమ్మకు లేదు. అమ్మ టికెట్టు ఏదని నేను ఆ వయసులో ఒక్కసారి కూడా అడగలేదు. ఈ వ్యాసంలో నేను వేరేవాళ్ళను చాలా అడగబోతున్నా. అందుకే ఈ మాట ముందుగా చెప్పుకోవాల.

డేరాలో మూడు తరగతులు. నేల, బెంచి, కుర్చీ. నేల అంటే ఇసుక. ఆడోళ్ళకూ మగోళ్ళకూ నడుమ అడ్డంగా ఒక గుడ్డ కట్టేవాళ్ళు. కులానికి మాత్రం గుడ్డ ఉండేది కాదు. చీకట్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నా తెలీదు. మిషనొకటే కాబట్టి రీలు మార్చేటప్పుడు లైటేసేవాళ్ళు. లైటేస్తానే పక్కనున్నది ఎవరో చూసుకొని కొందరు రొంత దూరం జరిగేవాళ్ళు. మళ్ళీ చీకటి పడితే, కథలో పడి, జరిగింది మరిచిపోయి మళ్ళీ దగ్గరికొచ్చేవాళ్ళు. సినిమాకు నాలుగైదు సార్లు ఇట్ల జరిగేది. నేను తెరను ఎంత చూసినానో ఆ జరగడాన్నీ అంతే చూసినా.

సినిమా అయిపోయినాక మా అసలు సినిమా మోరీ మీద నడిచేది. ఊరికీ మా మాదిగ గేరికీ నడుమ రోడ్డు మీద ఒక మోరీ ఉంది. సాయంత్రమైతే ఐదుగురం దాని గట్టు మీద చేరేవాళ్ళం. నేను, మా పెద్దమ్మ కొడుకు, కాపోళ్ళ పిల్లోడు, సాకలోళ్ళ పిల్లోడు, సాయిబుల పిల్లోడు. పెద్దమ్మ కొడుకు నాకంటే రెండేండ్లు పెద్ద. అన్నా అనేవాణ్ణి. ఐదుగురం ఒకే హైస్కూలు. పేర్లు రాయను. మా అన్న తప్ప అందరూ బతికే ఉన్నారు, బతికున్నోళ్ళకు పిల్లలున్నారు. మోరీ ఎవరి ఇల్లూ కాదు కాబట్టి అక్కడ ఒకర్ని ఒకరు లోపలికి రమ్మనే పని లేదు, వద్దనే పని లేదు. కాపోళ్ళ ఇంట్లో మేము వాకిలి దాటే వాళ్ళం కాదు. మా ఇంట్లో వాడు నీళ్ళు తాగేవాడు కాదు. మోరీ మీద మాత్రం ఒక పొట్లంలో బొరుగులు ఐదు చేతులు పెట్టి తినేవాళ్ళం.

దాన వీర శూర కర్ణ 1977 సంక్రాంతికి విడుదలైంది. మా డేరాకు వచ్చేసరికి ఏడాది దాటింది. రామారావే కర్ణుడు, రామారావే దుర్యోధనుడు, రామారావే కృష్ణుడు. దాదాపు నాలుగు గంటల సినిమా. కొండవీటి వెంకటకవి రాసిన మాటలు అంతకుముందే పెండ్లి మైకుల్లో వినీ వినీ మాకు నోటికొచ్చేసినాయి. విలువిద్యల ప్రదర్శనలో కర్ణుణ్ణి నీ కులమేంది అని అడుగుతారు. దుర్యోధనుడు లేచి, అక్కడున్న పెద్దపెద్దోళ్ళ పుట్టుకలన్నీ విప్పి చెప్పి, ఇంక కులం మాట ఎట్ల ఎత్తుతారని నిలదీస్తాడు. అప్పటికప్పుడు అంగరాజ్యం ఇస్తాడు. ఆ చోట మా నేల అంతా ఈలలు. చీకట్లో నా పక్కన కూర్చున్న కాపోళ్ళ పిల్లోడు ఏడుస్తున్నాడు. లైటేసినాక చూసినా. కండ్లు తుడుచుకుంటా ఉన్నాడు, పక్కకు జరగలేదు.

మరుసటి రోజు మోరీ మీద పంచాయితీ. దుర్యోధనుడిది స్నేహమా, అవసరమా?

మా అన్న అన్నాడు: "అర్జునుని మిందికి ఒకడు కావాల. దొరికినాడు. ఇల్లు ల్యానోనికి మేడ ఇస్తే వాడు మేడకు కాపలా ఉంటాడా, ఇచ్చినోనికి కాపలా ఉంటాడా?"

కాపోళ్ళ పిల్లోడు ఒప్పుకోలేదు. "అవసరమో గివసరమో. నిండు సభలో అంతమంది పెద్దోళ్ళు నోరు మూసుకోనుంటే లేసినోడు ఒక్కడే. ఆ పొద్దు వాడు లేసినాడా లేదా? అది సెప్పు."

మా అన్న జవాబు చెప్పలేదు. ఆ మాట వాని లోపల దిగింది. ఎంత లోతుకు దిగిందో మాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసింది.

అట్లనే మాయాబజార్ మీద కూడా వాదించుకున్నాం. 1957 సినిమా, తీసిన కె.వి.రెడ్డిది మా జిల్లా తాడిపత్రే. చూసొచ్చినాక మా అన్న, "సినిమా అంతా ఎతికితి, పాండవులు యాడరా?" అన్నాడు. నిజమే. కొడుకు అభిమన్యుడుంటాడు, ఘటోత్కచుడుంటాడు గానీ పంచపాండవులు కనపడరు. సాకలోళ్ళ పిల్లోడు మెల్లగా అన్నాడు: "వాళ్ళు కనపడకపోయినా కత వాళ్ళదే లేరా." తక్కువ మాట్లాడేవాడు వాడు. మాట్లాడితే తూకమేసినట్లు ఉండేది.

ఆ పిల్లోణ్ణే నేను ఒకసారి నోరెత్తకుండా చేసినా. అది చెప్పాల.

లవకుశ 1963 నాటిది. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా. మా డేరాకు ఎన్నిసార్లు వచ్చినా జనమే. సీతను అడవికి పంపేదానికి కారణమైన మాట అనే సాకలి వేషం రేలంగిది, పెండ్లాం వేషం గిరిజది. మొగుడూ పెండ్లాల కొట్లాట, పాట, నవ్వులు. జనం పొట్ట పట్టుకొని నవ్వేవాళ్ళు. మరుసటి రోజు సాకలోళ్ళ పిల్లోడు మోరీ మీద అడిగినాడు: "పంపిచ్చింది రాముడు గదా. అందురూ మా వాని పేరేంటికి సెప్తారు?"

మంచి ప్రశ్న. ఆ సినిమా మీద అంతకంటే మంచి ప్రశ్న నేను ఈ రోజుకీ వినలేదు. కానీ ఆ పొద్దు నేను దానికి జవాబు చెప్పలేదు. లేచి నిలబడి, రేలంగి మాదిరి ఊగుకుంటా యాక్షన్ చేసి చూపించినా. అందరూ నవ్వినారు. వాడు కూడా నవ్వబోయి, ఆగి, లేచి పోయినాడు. వారం దినాలు మోరీ కాడికి రాలేదు.

నేను అట్ల ఎందుకు చేసినాను? కారణముంది. ఊరందరి మైల ఉతికే వాళ్ళింట్లో మా గుడ్డలు పడవు. మా అమ్మ గుడ్డలు మా అమ్మే ఉతుక్కోవాల. వాళ్ళ కంటే మేము తక్కువ. వాళ్ళు మమ్మల్ని అట్లనే చూసేవాళ్ళు. ఆ కసి నా లోపల ఉండేది. దాన్ని నేరుగా తీర్చుకునే ధైర్యం లేదు. సినిమా అడ్డం దొరికింది. కారణముందని చెప్తున్నా, న్యాయముందని చెప్పడంలేదు.

ఆ లవకుశకు మా అమ్మ కూడా పోయింది, శెనిక్కాయ ఒలిచిన డబ్బులతో. సంగటి కెలుకుతున్న ఆమెకు మోరీ మీద జరిగింది గొప్పగా చెప్పినా. ఆమె నవ్వలేదు. "ఆ మాట అన్నోడు వాని ఇంట్లో, వాని పెండ్లాంతో అన్నాడు. దాన్ని మోసుకపోయి సెప్పినోడు ఎవుడు? ఇని, కడుపుతో ఉండేదాన్ని అడివికి పంపినోడు ఎవుడు? పెద్దోళ్ళు సేసిన తప్పు సిన్నోళ్ళ నెత్తిన పోసేది ఊర్లో ఉండేదే. ఇంగ నువ్వు కూడా ఆ పనే సేస్తివి" అంది. సంగటి కట్టె గిన్నెకు కొట్టి దించింది.

ఆమె ఎప్పుడూ మోరీ మీదికి రాలేదు. ఆడోళ్ళు వచ్చి కూర్చునే చోటు కాదది. ఐదుగురం మగపిల్లోళ్ళం సీత గురించి ఎన్నిసార్లు తీర్పులు చెప్పినామో! సీత గురించి తెలిసిన మనిషి పొయ్యి కాడ ఉండె. మా అమ్మ మాట నాకు సరిగానే తగిలింది. కానీ ఆ మాటను నేను మోరీ మీదికి తీసుకుపోలేదు. సిగ్గేసింది. వారం తర్వాత వాడు వచ్చినప్పుడు వేరే సినిమా ఎత్తుకున్నాం.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. ఆరుగురు మాదిగలను చంపినారు. మాది వాళ్ళకు ఎంతో దూరం, కానీ పేపర్లో ఆ కులం పేరు చదివితే మా గేరి గురించి చదివినట్లే ఉండె. ఆ సాయంత్రం మోరీ మీద ఎవరికీ నోరు రాలేదు. కాపోళ్ళ పిల్లోడు "అట్ల చేసిండకూడదు" అని మాత్రం అని, నేల చూసుకున్నాడు. మా అన్న వాని భుజం తట్టి, "ఆ కర్ణుని సంగతి మల్ల సెప్పుకుందాం రా" అన్నాడు. పొద్దుగుంకేదాకా కర్ణుని గురించే మాట్లాడినాం. పుట్టుక గురించి అడిగినోని తప్పా, అడుగుతుంటే విన్నోళ్ళ తప్పా, తల్లయ్యుండి నోరు తెరవని కుంతి తప్పా అని. దేని గురించి మాట్లాడుతున్నామో ఐదుగురికీ తెలుసు. పేరు పెట్టి మాట్లాడి ఉంటే రెండో మాటకు కొట్లాట అయ్యేది. కర్ణుణ్ణి నడుమ కూర్చోబెట్టుకుంటే ఒకరి ముఖం ఒకరు చూస్తా మాట్లాడగలిగినాం. సినిమా మాటలు పనిలేనోళ్ళ మాటలని పెద్దోళ్ళు తిట్టేవాళ్ళు. మాకు అవి లేకపోతే ఆ సాయంత్రం ఒకరితో ఒకరం ఏం మాట్లాడుకునేవాళ్ళమో నాకు తెలీదు.

తర్వాత టీవీ వచ్చింది. 1987 జనవరి 25న రామానంద్ సాగర్ రామాయణం దూరదర్శన్లో మొదలైంది. పంచాయతీ రూములో ఊరందరిదీ అని ఒక టీవీ పెట్టినారు. ఆదివారం పొద్దన్నే దానికి పూలు, ఊదుకడ్డీలు, టెంకాయ. చెప్పులు బయటే. భాష హిందీ. ఊర్లో ఎవరికీ రాదు. ఉర్దూ మాట్లాడే సాయిబుల పిల్లోడే టీవీ పక్కన నిలబడి అర్థం చెప్పేవాడు. మా ఊరు రామాయణం వినింది ఒక సాయిబు నోటితోనే. మరుసటి ఏడు మొదలైన బి.ఆర్.చోప్రా మహాభారతానికి మాటలు రాసిందీ రాహీ మాసూం రజా అనే ముస్లిం రచయితేనని తెలిసినప్పుడు మాకేం ఆశ్చర్యం కాలేదు.

ఊరందరి టీవీని మేము కిటికీ లోనుంచి చూసేవాళ్ళం. చట్టం రాసిపెట్టింది ఒకటి, ఊరు నడిచేది ఒకటి. ఒక ఆదివారం ఎండ ఎక్కువైంది. మా అన్న అరుగెక్కి, వాకిట్లో గడప కాడ కూర్చున్నాడు. లోపల్నుంచి ఒక పెద్దమనిషి తల తిప్పి, "రేయ్, దిగు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. కుక్కను అదిలించేంత మాత్రమే. రూము నిండా మనుషులు. సాయిబుల పిల్లోడు చెప్తున్న మాట ఆపినాడు. రెండో వరసలో కాపోళ్ళ పిల్లోడు. వెనక్కి తిరిగి మమ్మల్ని చూసినాడు. మళ్ళీ టీవీ వైపు తిరిగినాడు. టీవీలో రెండు బాణాలు ఎదురెదురుగా పోయి ఢీకొట్టుకుంటా ఉన్నాయి. మా అన్న దిగినాడు.

ఆ సాయంత్రం మోరీ మీద మా అన్న గొంతు పెంచలేదు. "నిండు సభలో లేసినోడు ఒక్కడే అంటివి గదరా. పొద్దన్నే నువ్వేంటికి లేయలేదు?"

కాపోళ్ళ పిల్లోడు చాలాసేపు గట్టు మీది గచ్చు గీరినాడు. తర్వాత అన్నాడు: "సినిమా వేరు, ఊరు వేరు లేరా."

అప్పట్నుంచి ఈ మాటతో నేను వాదించుకుంటున్నా.

వాడు అబద్ధమాడినాడని నేను అనను. డేరాలో వాని కన్నీళ్ళు నేను చూసినా. అవి నిజం. లైటేసినాక కూడా వాడు జరగలేదు. ఆ కన్నీళ్ళున్న మనిషే కిటికీ లోపల కూర్చున్నాడు. రెండూ ఒకే మనిషి ఎట్ల అయితాడు? జవాబు కష్టమేం కాదు. డేరాలో కర్ణుడు వాణ్ణి ఏమీ అడగలేదు. కర్ణుని కోసం ఏడిస్తే వాళ్ళ నాయన కోప్పడడు, పెండ్లి సంబంధం తప్పిపోదు, పొలానికి కూలోళ్ళు తగ్గరు. మా అన్న కోసం లేచి ఉంటే అవన్నీ అయ్యేవి. నాకూ అంతే. రేలంగిని చూసి నవ్వితే నాకు పైసా ఖర్చు లేదు. సాకలోళ్ళ పిల్లోని ప్రశ్నకు తలొంచాలంటే నా కసి వదులుకోవాల. అది నాకు ఖర్చు.

సరే, సినిమా వేరు, ఊరు వేరు అనేది నిజంగా అందరికీ వర్తిస్తుందా? టీచరు ఉద్యోగం వచ్చి, పుస్తకాలు పట్టినాక రెండు సంగతులు చదివినా. 1930 ప్రాంతంలో తిరువనంతపురంలో తొలి మలయాళ సినిమా విగతకుమారన్ ఆడింది. జె.సి.డేనియల్ తీసినాడు. అందులో పి.కె.రోజీ అనే దళిత యువతి నాయర్ స్త్రీ వేషం వేసింది. ఆ వేషం వేసినందుకు జనం తెర మీద రాళ్ళేసినారు. ఆమె ఊరు విడిచి పారిపోవాల్సొచ్చింది. ఆ జనాన్ని ఎవరైనా ఆపి, సినిమా వేరు ఊరు వేరు అని చెప్పినారా? మన తెలుగులో 1938లో గూడవల్లి రామబ్రహ్మం మాలపిల్ల తీస్తే మాలపిల్ల వేషం వేసిన కాంచనమాల పేరు ఆంధ్రదేశమంతా మోగింది. వాళ్ళు మన వేషం వేస్తే అది కళ. మనం వాళ్ళ వేషం వేస్తే అది ఊరు.

రెండోది మేము కిటికీ కాడ నిలబడిన రామాయణం గురించే. 1988 జూలై ఆఖర్లో ఆ సీరియల్ అయిపోయే సమయానికి పంజాబులో జలంధర్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగినారు. వాల్మీకిని తమ మూలపురుషుడిగా చెప్పుకునే వాళ్ళు వాళ్ళు. పట్టాభిషేకంతో కథ ముగించొద్దు, వాల్మీకి ఆశ్రమం, లవకుశుల కథ కూడా చూపించాలని అడిగినారు. సమ్మె వేరే ఊర్లకూ పాకింది. తర్వాత ఆ కథతో ఇంకో సీరియల్ వచ్చింది. కూలి కోసం సమ్మె చేసినోళ్ళ గురించి నాకు తెలుసు. కథలో తమ వంతు కోసం చీపుర్లు కింద పెట్టినోళ్ళ గురించి అదే వినడం. వాళ్ళకు కూడా సినిమా వేరు, ఊరు వేరు కాదు. రూము లోపల కూర్చునేవాళ్ళకే ఆ రెండూ వేరు. కిటికీ బయట నిలబడినోళ్ళకు రెండూ ఒకటే.

మా అన్న కథ చెప్పి ముగిస్తా. వరసగా పంటలు పోయినాయి. 1990 దాటినాక వాడు ఒక నాయకుని జీపెక్కినాడు. మా జిల్లాలో ఆ జీపులు ఎట్లాటివో చెప్పే పని లేదు. నేను తిట్టినా. "అవసరానికి పిలుస్తాండాడు. మోరీ మింద నువ్వే గదా సెప్పింది, మేడకు కాపలానా, ఇచ్చినోనికి కాపలానా అని" అన్నా. వాడు చెప్పిన జవాబు ఇది: "అవసరానికని నాకు తెల్దా? తెలుసు. నేను వాళ్ళ ఇంటికి పోతే, పదిమంది కాపోళ్ళు కూర్చోనుండంగా, రా కూర్చో అని కుర్చీ సూపిచ్చినాడు. పుట్టినప్పట్నుంచి నాకు కుర్చీ సూపిచ్చినోడు ఎవుడన్నా ఉన్నాడా? నువ్వు సెప్పు. ఉంటే జీపు దిగుతా."

నేను చెప్పలేకపోయినా.

1994లో ఒక సాయంత్రం రోడ్డు మలుపులో ఆ జీపు మీద బాంబులేసినారు. నాయకుడు వేరే బండిలో ఉన్నాడు. పేపర్లో ఆయన పేరు పెద్దక్షరాల్లో వచ్చింది, తప్పించుకున్నాడని. కింద చిన్నక్షరాల్లో ఇద్దరు అనుచరులు మృతి అని ఉంది. ఆ ఇద్దరిలో మా అన్న ఒకడు. పేరు కూడా తప్పు వేసినారు.

మూడేండ్లు తిరక్కముందే మా నేల మీద సినిమాలు మొదలైనాయి. 1997లో ప్రేమించుకుందాం రా, 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర. సుమోలు, బాంబులు, తొడలు కొట్టడాలు. రాయలసీమ అంటే లోకానికి అదే అయిపోయింది. అట్లాంటి సినిమాకు 1999లో అనంతపురం టవున్లో నేనూ కాపోళ్ళ పిల్లోడూ పోయినాం. వాడు అప్పటికి బ్యాంకులో పని చేస్తుండె. హీరో వస్తానే నేను ఈలేసినా. దాచను, గట్టిగానే వేసినా. మనసు ఒకటి, నోటి వేళ్ళు ఒకటి. కొంచెంసేపటికి జీపు ఒకటి పేలింది. వెనక కూర్చున్నోళ్ళు గాల్లోకి ఎగిరినారు. హాలంతా కేకలు. కెమెరా వాళ్ళ మీద ఒక్క క్షణం కూడా నిలవలేదు, హీరో మీసం మీదికి పోయింది. నా చెయ్యి నోటి కాడ ఆగిపోయింది.

అప్పుడు మాయాబజార్ గురించి సాకలోళ్ళ పిల్లోడు అన్న మాట గుర్తొచ్చింది. పాండవులు కనపడకపోయినా కథ వాళ్ళది. ఇక్కడ మనోళ్ళు ప్రతి జీపులోనూ కనపడుతున్నారు, కథ మాత్రం మనది కాదు.

పక్కన చూస్తే కాపోళ్ళ పిల్లోడు లేచి నిలబడినాడు. వెనకోళ్ళు కూర్చోమని అరుస్తున్నారు. వాడు నా రెక్క పట్టుకొని బయటికి తీసుకొచ్చినాడు. హోటల్లో రెండు టీలు చెప్పినాడు. టీ చల్లారిపోయేదాకా తాగలేదు. "ఆ ఆదివారం నేను లేసి ఉండాల్సింది" అన్నాడు. పన్నెండేండ్లు పట్టింది ఆ మాట రావడానికి. వినాల్సినోడు వినేదానికి లేడు. ఆ ఒక్క ఆదివారం వీడు లేచి ఉంటే మా అన్న ఆ కుర్చీ కోసం పోయేవాడు కాదేమో అని నాకు ఎన్నోసార్లు అనిపించింది. వానికీ అనిపించిందని ఆ టీ గ్లాసు చూస్తే తెలిసింది. పైకి ఇద్దరం అనుకోలేదు.

ఇంతకూ నా జవాబు ఏమిటంటే, తెర ముందు కార్చిన కన్నీళ్ళు అబద్ధం కావు. అవి అప్పు. మా జిల్లా మనిషిని కాబట్టి నాకు అప్పు సంగతి బాగా తెలుసు. తీసుకునేటప్పుడు తీర్చాలనే ఉంటుంది. అడిగేవాడు లేకపోతే మరిచిపోతాం. చీకట్లో ఒంటరిగా ఏడ్చినోణ్ణి ఎవరూ అడగరు. మరుసటి రోజు మోరీ మీద పక్కన కూర్చున్నోడే అడగగలడు, "ఏడిస్తివి గదరా, మరి పొద్దన్నే ఏంటికి లేయలేదు" అని. సినిమాల గురించి స్నేహితులు మాట్లాడుకునేది కాలక్షేపమే, కాదనను. ఆ కాలక్షేపంలోనే మా అన్నకు ఆ ప్రశ్న అడిగేదానికి మాటలు దొరికినాయి. కర్ణుడు లేకపోతే కాపోళ్ళ పిల్లోణ్ణి అట్ల ముఖం మీద అడగడం మా గేరి పిల్లోనికి అయ్యేది కాదు.

నా అప్పు కూడా ఒకటి మిగిలింది. సాకలోళ్ళ పిల్లోడు ఎప్పుడో బెంగుళూరు పోయినాడు. మా జిల్లా సగం అక్కడే ఉంది. చిన్న ఇస్త్రీ అంగడి. నేను రిటైరైనాక, మా పాప ఇంటికి పోయినప్పుడు, వెతుక్కుంటా పోయినా. ఫోను నిలబెట్టుకొని జై భీమ్ చూస్తా ఇస్త్రీ చేస్తున్నాడు. 2021లో వచ్చినప్పట్నుంచి నాలుగోసారంట. వాని కొడుకు స్నేహితులంతా అది చూసి ఫోన్లలో స్టేటస్ పెట్టినారంట. "పెట్టినోళ్ళలో మా ఇంటికొచ్చి అన్నం తినేవాళ్ళు ఎంతమందిరా అని అడిగినా. కొడుకు లేసి పోయినాడు" అని నవ్వినాడు. మోరీ ఇక్కడ కూడా నడుస్తా ఉందని అనుకున్నా.

లవకుశ సంగతి ఎత్తినా. తప్పు చేసినా అన్నా.

వాడు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టినాడు. "నవ్వినోళ్ళు అందురూ నవ్విరి. వాళ్ళ ముఖాలు మర్సిపోయినా. నువ్వు నవ్వింది మాత్రం గుర్తుండాది. నువ్వన్నా నవ్వవనుకుంటి."

అప్పుడు మా అమ్మ సంగటి కెలుకుతా చెప్పిన తీర్పు చెప్పినా. నలభై ఏండ్లు దాచుకున్న మాట. వాడు అంతా విని, "మల్ల ఒకసారి సెప్పు" అన్నాడు. చెప్పినా.

"ఇది ఆ పొద్దే మోరీ కాడికొచ్చి సెప్పింటే సరిపోయుండును గదరా" అన్నాడు.

జవాబు లేదు నా దగ్గర. కాపోళ్ళ పిల్లోడు లేవాల్సినప్పుడు లేవలేదు. నేను చెప్పాల్సినప్పుడు చెప్పలేదు.

బస్సులో కూర్చొని వచ్చినందుకు నా చొక్కా నలిగిపోయి ఉండె. వాడు చెయ్యి చాపినాడు. "ఇప్పు, నలిగిండాది." బనీనుతో స్టూలు మీద కూర్చున్నా. వాడు నీళ్ళు చల్లి, కాలరు దగ్గర్నుంచి మొదలుపెట్టి, మెల్లగా ఇస్త్రీ చేసినాడు. డబ్బులిచ్చినా. లెక్క చూసుకొని తీసుకున్నాడు. తర్వాత ఫోను నా వైపు తిప్పి, సినిమా మొదట్నుంచి పెట్టినాడు.